చీకటి పడేవరకే తీసిన మబ్బులు

నేను ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. పామిడిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. చెబుతూనే గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేవాణ్ణి. ఇంట్లో మా అమ్మ నన్ను పేరుతో పిలవడం మానేసి ‘కాలుగాలిన పిల్లి’ అనే పిలిచేది. 2008లో, వాన కోసం ఎదురుచూసే రోజుల్లో ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. దానికి రెండు కారణాలు. మా ఇంట్లో శెనక్కాయ విత్తనం ఒలిచి పెట్టి ఉంది. అంగారకుడి మీద ఒక యంత్రం దిగి ఉంది.

విత్తనం సంగతి ముందు చెప్పాలి. మా ఊరు పామిడికి దగ్గరే, అంతా వానను నమ్ముకున్న మెట్ట. కాయ ఒలిచాక పప్పు ఎక్కువ రోజులు నిలవదు, మొలిచే సత్తువ పోతుంది. అందుకని ఆకాశం కాస్త ఆశ పెట్టాకే ఇళ్లల్లో ఒలుస్తారు. ఒలిచాక ఇక మనసు మనసులో ఉండదు. అలాగని చినుకు పడగానే విత్తే గొర్రు కట్టడానికి లేదు. భూమికి పదును రావాలి, అంటే గింజ మొలిచేంత తడి లోపలికి దిగాలి. మా ఊళ్లో అది చూసి చెప్పేది మా నాయన. వాన వెలిసిన పొద్దున ఆయన చేనిలో మడమతో గుంట చేసి, అడుగు మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కి, వేళ్లు విప్పేవాడు. ముద్ద నిలవాలి, బొటనవేలు తగిలిస్తే విరిగిపోవాలి. అది పదును. ఆయన వెనక పదిమంది నోరెత్తకుండా నిలబడేవాళ్లు. ‘కట్టండప్పా’ అంటే ఊరి గొర్లన్నీ కదిలేవి. ‘ఇంగా లేదు’ అంటే ఎంత భూమి ఉన్నవాడైనా ఇంటికి పోవలసిందే.

ఒప్పుకుంటాను, నాకు ఆ చేయి మీద అసూయ ఉండేది. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి నేను. టీవీ పాడైతే తప్ప ఊళ్లో నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

ఇక యంత్రం సంగతి. అది అంగారకుడి ఉత్తరాన దిగింది. దిగిన చోటు నుంచి అంగుళం కదల్లేదు. నాకు పూర్తిగా ఎదురు స్వభావం. దానికి ఒక పొడవాటి చేయి ఉంది, దానితో నేలను గీకుతుంది. అట్లా గీకిన గుంటలో ఒక మూల నాలుగైదు తెల్లటి పలుకులు కనబడ్డాయి. ఫోటో తీసింది. నాలుగు రోజులు ఆగి అదే చోట మళ్లీ తీసింది. పలుకులు లేవు. ఆ రెండు ఫోటోలను ఒకదాని వెంట ఒకటి వచ్చేట్టు కలిపి ఇంటర్నెట్లో పెట్టారు. ఉన్నాయి, లేవు, ఉన్నాయి, లేవు. ఉప్పయితే మాయం కాదు కాబట్టి అది మంచు అన్నారు. అక్కడి గాలికి అది నీరు కూడా కాకుండా నేరుగా ఆవిరై పోయిందట. మా కాలేజీ కంప్యూటర్లో ఒక్కో బొమ్మ దిగేసరికి ఒక పీరియడ్ అయిపోయేది. అయినా ఆ రెండు ఫోటోలను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

దాని మీద గాలికి ఊగే చిన్న గొట్టం ఒకటి వేలాడదీసి ఉంది. వరసగా తీసిన ఫోటోలు ఆడిస్తే గాలి ఎటు కొడుతోందో, ఎప్పుడు ఆగిందో తెలిసేది. అంతకు రెండేళ్ల ముందు, చక్రాల మీద తిరిగే మరో యంత్రం అక్కడి ఆకాశంలో పల్చటి మబ్బులు పోవడం పట్టింది. విడివిడిగా చూస్తే అవన్నీ కదలని ఫోటోలే. కలిపి ఆడిస్తే అక్కడి రోజు కళ్లముందు నడిచేది. కోట్ల మైళ్ల అవతల గాలి తెలుస్తుంటే మన మిద్దె మీది మబ్బు తెలియదా అనిపించింది. అనిపించాక ఊరుకునే ప్రాణమా నాది.

పామిడిలో నాతో చదువుకున్న సాయబు ఒకడు ఫోటో స్టూడియో నడిపేవాడు. వాణ్ణి డిజిటల్ కెమెరా అడిగాను.

"పెండ్లిండ్లు అయిపాయ గదా, కొండబోప్పా," అన్నాడు. "కింద పడేస్తివంటే మాత్రం మా నాయన నన్ను ఈడ్నే పూడుస్తాడు."

మిద్దె పిట్టగోడ మీద రెండు ఇటుకల మధ్య దాన్ని బిగించి, పడమరకు తిప్పి, నాలుగు గంటల నుంచి చీకటి పడేదాకా ఐదు నిమిషాలకొక ఫోటో తీశాను. మూడు సాయంత్రాలు అట్లాగే. అంతసేపు నేను ఒకచోట కూర్చోవడం చూసి మా అమ్మ మెట్లెక్కి వచ్చి నా నుదుటి మీద చేయి వేసి చూసింది. జ్వరం లేదని తేలాక "ఏందో పట్టింది వీనికి" అని దిగిపోయింది.

మూడోరోజు రాత్రి చిన్న వాన పడింది. ఆరుద్ర కార్తె. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’ అంటూ అమ్మ పొద్దున్నే విత్తనం గంపలు వాకిట్లోకి జరిపింది. చేనిలో జనం చేరారు. నాయన మట్టి నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు.

"సగం పదునే. ఈ తడికి గింజ ఉబ్బుతాది, మొలిచేకి చాలదు. ఇంగొక వాన పడల్ల."

అందరూ వెనక్కి తిరిగారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. రాత్రి పడిన వాన నా ఫోటోల్లో ముందే ఉందని నా నమ్మకం. నాయనను బండి మీద ఎక్కించుకుని స్టూడియోకు పోయాను. సాయబు కంప్యూటర్లో మూడు సాయంత్రాలను కలిపి ఆడించాను. పడమటి గుట్టల వెనక నుంచి మబ్బులు లేచి, ఉబ్బి, ఒకదాన్నొకటి తోసుకుంటూ మా మిద్దె మీదికి వచ్చి నల్లబడ్డాయి. రెండోరోజు ఇంకా దట్టంగా. మూడోరోజు మరీ దట్టంగా.

నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇవి మన మోడాలేనా?"

"మన మబ్బులే నాయనా."

"ఇన్నేండ్లు చూస్తాండా, ఇట్ల పోతాయని తెలీదే నాకు." మళ్లీ పెట్టమన్నాడు. నాలుగుసార్లు చూశాడు. నాలుగోసారి అడిగాడు, "కడాకు ఏమైనాది?"

"చీకటి పడింది. చీకట్లో కెమెరాకు కనపడదు. చూడు, నిండుగా పట్టింది గదా. ఈ రాత్రో రేపో వాన ఖాయం. ఇప్పుడే విత్తితే వానకు ముందుంటాం. ఆగితే ఉన్న తడి కూడా గాలికి పోతుంది."

ఆయన తెరను వదిలి నా ముఖం వైపు చూశాడు. కాసేపు చూశాడు.

"నువ్వు చెప్తాండావు గదా," అని లేచాడు.

మధ్యాహ్నం మా గొర్రు చేనిలో దిగింది. అది చూసి చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. పక్క చేను మా చిన్నాయనది, నాయనకు సొంత తమ్ముడు. "పొద్దున సగమే అంటివి గదన్నా?" అని అడిగాడు.

"కట్టండప్పా. వస్తాది వాన," అన్నాడు నాయన.

ఎనిమిది ఇళ్లవాళ్లు విత్తారు. నేను ఆ గట్టు నుంచి ఈ గట్టుకు తిరుగుతూ, ఆకాశం వైపు వేలు చూపిస్తూ, అడగనివాళ్లకు కూడా గాలి గురించి చెప్పాను. ఆ పూట నా అంత సంతోషంగా మా ఊళ్లో ఎవరూ లేరు.

సాయంత్రం మబ్బులు వచ్చాయి, నేను తీసినట్టే. పడమట దూరంగా వాన కాళ్లు దిగడం కూడా కనబడింది. కానీ ఆ కాళ్లు నేలకు ఆనలేదు. సగం దారిలో గాలిలోనే ఇంకిపోయాయి. చీకటి పడ్డాక మబ్బులు మా నెత్తి మీదుగా తూర్పుకు పోయి చెదిరిపోయాయి, చుక్కలు బయటపడ్డాయి. మరుసటి రోజూ అంతే. తర్వాత మా వైపు ప్రతి ఏడూ వచ్చే ఆ గాలి మొదలైంది, మనిషిని నిలబడనివ్వని గాలి. ఐదోరోజు నాయన సాలు తవ్వి ఒక గింజ తీసి నా చేతిలో పెట్టాడు. పైపొర ఊడి, జిగురుగా, మొలక కొన నల్లబడి ఉంది.

అప్పుడు నాకు తెలిసింది. మొదటి రెండు రాత్రులు కూడా మబ్బులు అట్లాగే వచ్చి పోయాయి. నేను మిద్దె మీదే పడుకున్నాను, చుక్కలు నా కళ్లతో చూశాను. వాటిని లెక్కలోకి తీసుకోలేదు. నా బొమ్మ మాత్రం ఎప్పుడూ మబ్బు నిండిన చోటే ఆగేది. నాయన అడిగింది ఆ ఒక్క సంగతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు చీకటిని సాకుగా చెప్పి దాటేశాను. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదని ఊళ్లో పసిపిల్లలు కూడా అంటారు. అది చదువుకోనివాళ్ల మాట అనుకున్నాను.

ఆ సాయంత్రం మాతోపాటు విత్తినవాళ్లు మా వాకిట్లోకి వచ్చారు. ఎవరూ గొంతు పెంచలేదు. చిన్నాయనే మాట తీశాడు.

"ఏమన్నా, నీ చెయ్యి చూసే గదా కట్టితిమి."

నేను గడపలో ఉన్నాను. నాయన అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"నా చెయ్యే తప్పినాదప్పా," అన్నాడు. "పొద్దున సగమనుకుంటి, మజ్జాన్నానికి చాల్లే అనుకుంటి. వయసు మింద పడ్తాంది గదా, మట్టి తెలీకుండా పోయినాది."

ఆయన వెనక నిలబడి నేను ఆ మాట విన్నాను. లోపల నుంచి అమ్మ నా వైపు చూసింది. ఇప్పుడైనా చెబుతావా అన్నట్టు చూసింది. ఆ ఎనిమిది ఇళ్లలో విత్తనం ఒలిచిన ఆడవాళ్ల వేళ్లు గుర్తుకొచ్చాయి. భయమేసింది. అంతకన్నా ఎక్కువగా సిగ్గేసింది. చెప్పలేదు. వాళ్లు వచ్చినంత నెమ్మదిగా వెళ్లిపోయారు.

మరునాడు చేనిలో నాయనను అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని.

"నీ మాట ఇప్పుడే గదా మొదలైనాది," అన్నాడు. "మొదుట్లోనే పోగొట్టుకుంటే ఇంగ ఎవురింటారు?"

శెనక్కాయ విత్తనమంతా పోయింది కాబట్టి ఆ ఏడు మా చేనిలో ఉలవలు వేశాం. సెప్టెంబరు ఆఖర్లో అంగారకుడి మీది యంత్రం గురించి ఇంకో వార్త వచ్చింది. అక్కడ మబ్బుల్లోంచి మంచు రాలుతోందని, నేలకు చేరకుండా పైపైనే ఆవిరవుతోందని. తోటి లెక్చరర్లు గుమిగూడి చదివి అబ్బురపడ్డారు. నేను లేచి బయటికి పోయి కాలేజీ ప్రహరీ చుట్టూ తిరిగాను. నవంబరులో చలికాలపు ఎండ చాలక ఆ యంత్రం పలకడం మానేసింది. ఆ వార్తనూ పూర్తిగా చదవలేకపోయాను. సాయబు ఆ మూడు సాయంత్రాల బొమ్మను సీడీలో ఎక్కించి ఇస్తానంటే వద్దన్నాను.

మరుసటేడు మృగశిరలో మంచి వాన పడింది. పొద్దున్నే నాయన వెంట చేనికి పోయాను. ఆయన మడమతో గుంట చేశాడు, మట్టి తీశాడు, నొక్కాడు, వేళ్లు విప్పాడు. ముద్ద నిలిచింది, బొటనవేలు తగలగానే విరిగింది. నాకు కూడా తెలిసేంత పదును. ఆయన తలెత్తి దారి వైపు చూశాడు. ఎవరూ రావడం లేదు. పక్క చేనిలో నుంచి మాటలు వినబడుతున్నాయి. నాయన చేతులు దులుపుకుని అటు నడిచాడు, నేను వెనకాలే.

అక్కడ ఊరంతా చిన్నాయన చుట్టూ ఉంది. ఆయన చేతిలో మట్టి ఉంది. నాయన పోయి అందరి వెనక నిలబడ్డాడు. ఆ ఎనిమిది ఇళ్లవాళ్లూ అక్కడే ఉన్నారు. నేను నోరు తెరవడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదని నాకు తెలుసు.

"ఏమప్పా," అన్నాడు నాయన, "కట్టొచ్చునా?"

"కట్టుకోన్నా," అన్నాడు చిన్నాయన, వెనక్కి తిరక్కుండానే.

నాయన సరేనని తల ఊపి, గొర్రు తెచ్చుకోవడానికి ఇంటి దారి పట్టాడు. నేను ఆయన వెంట నడిచాను, ఎవరికీ ఏమీ చెప్పకుండానే.