నాకు బంతి అందించిన సత్యవేణి

మా చిన్నప్పుడు... హైస్కూల్ గ్రౌండ్‌లో హాకీ ఆడుతుంటే బంతి సగం సార్లు గేదె పేడలోకే పోయేది. గడ్డికి తుడిచి మళ్ళీ ఆడేవాళ్ళం. చేతులు పావడాలకి రాసేసుకుని, అవే చేతులతో క్యారేజీలు విప్పేవాళ్ళం. అప్పుడేమీ అసహ్యం వెయ్యలేదు. అసలు అసహ్యం అంటే ఏమిటో తర్వాత తెలిసింది లెండి...

ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు మాది. పదో తరగతిలో నేను మా అమ్మాయిల టీముకి సెంటర్ ఫార్వర్డ్‌ని. గోల్స్ అన్నీ నేనే కొట్టేదాన్ని కాబట్టి ప్రేయర్‌లో నా పేరే చదివేవారు. నా ఎడమ పక్కన సత్యవేణి ఆడేది. అది కర్రతో నేల మీద రెండుసార్లు కొడితే చాలు, నేను వెనక్కి చూడకుండా పరిగెత్తేదాన్ని. బంతి వచ్చి సరిగ్గా నా కర్ర ముందు ఉండేది. ఎలా వస్తోందో ఏనాడూ ఆలోచించలేదు. గోల్ కొట్టేది నేను కదా... అంత పొగరు నాకు.

వాళ్ళ నాన్న రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాడు. "కాకినాడలో జిల్లా జట్టుకి సెలక్టయితే హాస్టల్లో ఉండి చదువుకో. లేదంటే మీ అమ్మతో పాటు రొయ్యల షెడ్డుకెళ్ళిపో" అని తేల్చి చెప్పేశాడు. పాపం, దానికి ఆ ఒక్క రోజే దిక్కు.

సెలక్షన్ల రోజు పొద్దున్న కాకినాడ వ్యాన్ ఎక్కబోతుంటే పీఈటీ మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. మాకు జెర్సీలు కొనిపెట్టిన పెద్దాయన కూతుర్ని సత్యవేణి స్థానంలో ఆడించాలట. మా టీము ఎప్పుడూ అలాగే తయారయ్యేది. అరటిగెల పంపినవారి పిల్లకి ఒక స్థానం, వ్యాన్ పంపినవారి పిల్లకి ఇంకో స్థానం... మిగిలితే ఆట వచ్చినవాళ్ళకి!

"ఏమ్మా, పక్కన ఎవరున్నా నువ్వు కొట్టేస్తావు కదా? నువ్వు కాదంటే మార్చనులే" అన్నారాయన.

"కొట్టేస్తానండీ" అన్నాను.

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు... తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

ఆ పెద్దాయన కూతురిది మాత్రం తప్పేం లేదు. బంతి వస్తుంటేనే ఆ పిల్లకి భయం. కళ్ళు మూసుకుని బాదేది, బంతి లైను దాటిపోయేది. నేను గోల్ ముందు కర్ర పట్టుకుని ఊరికే నిలబడ్డాను. సగం ఆటలో నా దాకా వచ్చింది రెండుసార్లు. రెండూ పోగొట్టాను. "ఈ అమ్మాయికి అసలు ఆట వచ్చా మాస్టారూ? కదలట్లేదేంటండీ?" అని ఒక సెలక్టర్ గారు అడగడం నా చెవినే పడింది. మాస్టారు నన్ను ఎడమకి జరిపారు, కుడికి జరిపారు. ఏదీ కుదరలేదు. చివరికి పది నిమిషాలు మిగిలుండగా, ఇక తప్పక సత్యవేణిని దింపారు.

ఆ పది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టాను. అవే కాళ్ళు, అదే కర్ర... పక్కన మనిషి మారింది, అంతే.

సెలక్టర్లు నా పేరు రాసుకున్నారు. పది నిమిషాలు ఆడిన పిల్ల ఎవరికి గుర్తుంటుంది? తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో సత్యవేణే ఒక అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఛీ... ఎలా మింగుడుపడిందో!

జిల్లా జట్టులో నేను ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అయినా సర్టిఫికెట్టు ఇచ్చారు. దాంతో డిగ్రీ సీటు, ఆ డిగ్రీతో ఇవాళ్టి ఉద్యోగం. సత్యవేణి మరుసటి వేసవికల్లా షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది.

పోయిన నెల ద్రాక్షారామం గుడి దగ్గర కనబడింది. ఐసులో నానీ నానీ వేళ్ళు తెల్లగా పాలిపోయి, గోళ్ళు అరిగిపోయాయి. పిల్లల కబుర్లయ్యాక ఉన్నట్టుండి అడిగింది.

"అవునే, ఆ రోజు నన్ను తీసేసే ముందు మాస్టారు నిన్ను అడిగారంటగా... నువ్వేమన్నావే?"

"నిన్నే ఆడించమన్నానే. ఆయన వింటేగా" అన్నాను... గుడి ముందు నిలబడి!

దాని మొహం వెలిగిపోయింది. "నాకు తెలుసే, నువ్వు అలాగే అని ఉంటావని" అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడుక్కున్నానో ఆ చెయ్యి... దాని చెయ్యి తగిలిందని కాదు, అది నాది కాబట్టి.

ఇప్పుడు టీవీలో గోల్ కొట్టినవాళ్ళతో పాటు బంతి అందించినవాళ్ళ పేరు కూడా చెబుతున్నారు. మా రోజుల్లో ఆ మాత్రం కూడా లేదు. మీకు బంతి అందించినవాళ్ళు ఎవరో, వాళ్ళ పేర్లు కింద రాయండి.

సత్యవేణి ఫేస్‌బుక్‌లో లేదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను...