మ్యూట్ కాని గొంతు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, వీధిలో అందరికీ ఆయన సోల్డరింగ్ సారే. పగలంతా పార్సిల్ ఆఫీసులో తూకం యంత్రం దగ్గర ఉద్యోగం. ఇంటికొచ్చాక ముందుగదిలోని బల్లే ఆయన లోకం. దాని మీద పొట్ట విప్పిన రేడియోలు, చచ్చిన ఫోన్లు, ఏ వస్తువులోంచి ఊడాయో మరిచిపోయిన మరలు. ఆ వస్తువుల్లో సగం ఆయన బాగుచేసినవి. మిగతా సగం ఆయన చెయ్యి పడకముందు బాగానే ఉన్నవి.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. సోల్డరింగ్ సారు అడగకపోయినా పెట్టేవాడు, సలహాలు. ఎదురింటి టీచరమ్మ తన కొడుక్కి చదివింది గుర్తుండటం లేదని వాపోతే, "మెమరీ నిండిపోయి ఉంటుందమ్మా, ఆటలు డిలీట్ చేయండి" అన్నాడు. భార్యతో గొడవపడి వచ్చిన తోడల్లుడికైతే, "ఏముంది అన్నయ్యా ఇందులో? మాటలు కాసేపు ఆపి, మళ్ళీ ఆన్ చేయండి. ఏ సిస్టమైనా దారికొస్తుంది" అని చెప్పాడు. పాపం ఆ పెద్దమనిషి మాటలు ఆపాడు. ఆ ఇంట్లో వంట కూడా ఆగిపోయింది. సలహాలో తప్పేమైనా ఉందేమో అన్న అనుమానం సారుకి మాత్రం రాలేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది కనబడితే అది కంపెనీ వాళ్ళ పొరపాటు.

గోడలకు చెవులుంటాయని లోకమంతా అనుకుంటుంటే, ఈయన తన ఇంటి గోడకు నోరు పెట్టాడు. అదొక చిన్న స్పీకరు పెట్టె. తలుపు దగ్గర బెల్లు నొక్కినా, ట్యాంకు నిండినా, తలుపు వేయడం మరిచినా, ఫోనులో మ్యూట్ నొక్కేదాకా అది చెబుతూనే ఉంటుంది. గొంతు కావాలి కదా! వెనకగదిలో బట్టలు కుట్టుకుంటున్న భార్యను పిలిచి, ఫ్యాను ఆపి, మైకు ముందు కూర్చోబెట్టాడు.

"ఏమండీ, ఎవరో వచ్చారు చూడండి" అని చెప్పి ఆవిడ ఆగింది. "ఇదంతా ఎందుకండీ? నేను ఇంట్లోనే ఉంటాగా, నేనే చెప్తాను."

"అబ్బ, మధ్యలో మాట్లాడకు. అదీ రికార్డయింది. సర్లే, అది నాయిస్. కట్ చేసేస్తాను."

అంతకుముందు ఆవిడ రెండుసార్లు పిలిస్తే ఒకసారైనా పలికేవాడు. పెట్టె వచ్చాక ఆ ఒక్కసారీ పోయింది. 'ఏమండీ' అని వినబడితే చాలు, బొటనవేలు దానంతటదే ఫోను మీదికి వెళ్ళేది.

ఒక ఆదివారం పొద్దున పక్కింటాయన వచ్చి, తన భార్య ఈమధ్య తనతో సరిగ్గా మాట్లాడటం లేదని గొణిగాడు. సారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇలాంటి కేసంటే ఆయనకు ప్రాణం.

"ఆవిడ సిగ్నల్ బాగానే పంపుతుంటారండీ. లోపం మీ రిసీవర్లో ఉంది. అసలు మీరు వింటున్నారా?"

"ఏమండీ, ఒకసారి ఇటు రండి" అని వెనకగదిలోంచి వినబడింది. సారు మ్యూట్ నొక్కాడు.

"ఏమండీ! ఏమండీ!"

మళ్ళీ నొక్కాడు. "మీ ఆవిడ పిలుస్తున్నట్టుందండీ" అన్నాడు పక్కింటాయన.

"ఆవిడ కాదండీ, పెట్టె. అచ్చం మనిషిలాగే ఉంది చూశారా?" అంటూ సారు గర్వంగా మూడోసారి నొక్కాడు. "ఏదో బగ్ ఉన్నట్టుంది, మ్యూట్ కావడం లేదు."

లోపల ఏదో ధనామని పడింది.

"ఈ శబ్దం కూడా పెట్టెదేనా?" అని అడిగాడు పక్కింటాయన.

అటక మీది బట్టల మూట దించబోతే స్టూలు కాలు ఊగింది. ఎటూ దిగలేక ఆవిడ పిలిచింది. అంతే జరిగింది. కుడి మణికట్టు విరిగింది. సూది పట్టే చెయ్యి.

ఆసుపత్రి బెంచీ మీద కట్టుతో కూర్చుని ఆవిడ అడిగింది. "ఎన్నిసార్లు నొక్కారు?"

సాంకేతిక విషయాల్లో సారు అబద్ధమాడడు. "మూడుసార్లు. మ్యూట్ కాలేదు."

"ఇప్పుడవుతుంది లెండి" అని, అటునుంచి అటే అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

ఫోను చేస్తే ఎత్తదు. చివరికి తోడల్లుడు ఎత్తాడు. "తమ్ముడూ, ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నావుగా. ఆపడం అయిపోయింది. ఆన్ చేసే మీట ఎక్కడుందో నువ్వే చెప్పాలి మరి." గేటు దగ్గర కనబడ్డ పక్కింటాయన మరీ మర్యాదగా, "రిసీవరు ఒకసారి చూసుకోండి" అన్నాడు. ఊరందరికీ పంచిన సలహాలు వడ్డీతో సహా ఇంటికి చేరాయి. సారు కుక్కిన పేనులా పడి ఉన్నాడు.

ఇంట్లో పెట్టె మాత్రం మానలేదు. "ఏమండీ, ట్యాంకు నిండింది" అనగానే, "ఆ, వస్తున్నా" అంటూ లేచేవాడు. జీవితంలో మొదటిసారి పిలవగానే పలికాడు, అదీ పెట్టెకు. వెనకగది గుమ్మందాకా వెళ్ళి, ఖాళీ కుర్చీని చూసి, నిలబడి ఏడ్చాడు.

కట్టు విప్పాక అక్క నుంచి కబురొచ్చింది, ఆదివారం వచ్చి కుట్టుమిషను తీసుకుపోతామని. మిషను వెళ్ళిందంటే ఇక మనిషి రాదని ఆయనకు తెలుసు. ఆ వారమంతా చేతులు ఎంత దురద పెట్టినా మిషను మూత ఎత్తలేదు, దానికో మోటారు తగిలించలేదు. ఆయన ప్రేమకు అంతకన్నా రుజువు అక్కర్లేదు. స్టూలు కాలికి మాత్రం ఒక మేకు కొట్టాడు. సెన్సారు పెట్టలేదు.

ఆదివారం బెల్లు మోగింది. "ఏమండీ, ఎవరో వచ్చారు చూడండి" అంది పెట్టె. సారు ఫోను బల్ల మీదే వదిలేసి పరుగెత్తి తలుపు తీశాడు. గుమ్మంలో భార్య, వెనక అక్క. మ్యూట్ చేసేవాళ్ళు లేక పెట్టె మళ్ళీ అదే మాట అంది.

"ఎవరో కాదు, నేనే" అంది ఆవిడ. "ఇంకా నాతో వాగిస్తూనే ఉన్నారా?"

"తీసేస్తాను. ఇప్పుడే పీకేస్తాను."

"పీకొద్దు. నా గొంతు తీసేసి మీ గొంతు పెట్టండి. కూర్చోండి, నేను వింటాను."

అక్క మిషను కోసం వెనకగదిలోకి వెళ్ళింది. సారు ఫ్యాను ఆపాడు. మైకు ముందు కూర్చున్నాడు. "ఏమోయ్, ఎవరో వచ్చారు చూడు" అన్నాడు. అరిగిపోయిన క్యాసెట్టులా ఒకటి రెండుసార్లు తడబడి, చివరికి ఆవిడ వైపు తిరిగాడు.

"ఎందుకే ఇదంతా? నేను ఇంట్లోనే ఉంటాగా. నేనే చెప్తాను."

"అది నాయిస్" అంది ఆవిడ. "కట్ చేసేయండి."

సారు కట్ చేయలేదు. వెనకగదిలోంచి అక్క కేకేసింది, "మిషను ఎత్తమంటావా?"

"ఉండక్కా, ఇంకా ట్యాంకూ తలుపూ మిగిలాయి" అంటూ ఆవిడ స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. స్టూలు ఊగలేదు. వంగి దాని కాలు ఒకసారి చూసింది గానీ, ఆ సంగతి పైకి అనలేదు.