అల్లాబక్షు కుడికాలు

అల్లాబక్షు కారు తోలితే ఎద్దులబండి కూడా దాటిపోతుందని ఇందుకూరుపేటలో నవ్వేవాళ్ళు. నవ్వేవాళ్ళకేం? పెట్రోలు చుక్క కావాలంటే నెల్లూరు పోవాల్సిందే. అందుకే పద్మనాభయ్య గారి చిన్న ఆస్టిన్‌ను అతను మెత్తగా నడిపేవాడు. దూరాన గొర్రెలు కనబడగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసేవాడు, బ్రేకుతో పని ఉండేది కాదు.

ఆ కార్తీకంలో గాలివాన పట్టేసరికి, సముద్రస్నానానికి వెళ్ళిన పద్మనాభయ్య కుటుంబం మైపాడులో చిక్కుకుంది. అల్లాబక్షు ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు. కొస మాత్రమే తడిసింది. తలదాచుకోవాలంటే నెల్లూరే, పదమూడు మైళ్ళు.

కారు కదిలిందో లేదో, వెనక సముద్రం హోరెత్తింది.

"తొక్కవయ్యా, అల్లాబక్షూ! నీళ్ళు వస్తా ఉండాయి!" అని పద్మనాభయ్య అతని భుజం గుద్దాడు.

"తొక్కితే సగం దోవలో ఆగిపోద్దయ్యా."

అద్దంలో తెల్లటి నురగ రోడ్డెక్కుతోంది. కుడికాలు తన మాట వినకుండా కిందికి దిగబోతోంది. ఎడమచేత్తో ఆ తొడను పైకి లాగిపట్టి, దారంతా ఎప్పటి నడకనే నడిపాడు.

నెల్లూరు మొదటి ఇళ్ళ దగ్గర పెట్రోలు అయిపోయి కారు ఆగింది. అందరూ బతికామని ఏడ్చారు.

ఆ రోజు సముద్రాన్ని చూసి ఎంత భయపడ్డావని తర్వాత ఎవరడిగినా, అల్లాబక్షు తన కుడికాలు చూపించేవాడు.