మా గల్లీ కింద కాలువ

ఇబ్రహీంపట్నంలో మేము ఇల్లు కట్టుకున్న కాలనీ ఒకప్పుడు చెరువు కింది వరిపొలం. గట్టి వాన పడిందంటే గల్లీలో మోకాళ్ల లోతు నీళ్లు. ఒక వానాకాలం నా కుట్టుమిషను మోటారు కాలిపోయింది, కుట్టడానికి తెచ్చిన పెళ్లిబట్టలు బురదలో నానాయి. ఏడుస్తూ బకెట్లతో నీళ్లు ఎత్తిపోస్తుంటే పక్కింటి పెద్దామె, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, గోడ మీద నుంచి తొంగిచూసింది. పెళ్లయిన కొత్తలో ఆమె ఈ మళ్లలోనే నాట్లు వేసిందట.

"ఎంతెత్తిపోసినా ఒడవదు బిడ్డా. ఈడ కాలువుండె. దాని తొవ్వల మనం ఇండ్లు కట్టినం. నీళ్లెటు పోవాలె?"

"ఏడికెల్లి పోతుండె ఖాలా?"

"ఎతుకుదాం పా."

వాన వెలిశాక ఇద్దరం బయలుదేరాం. చెరువు తూము కింద కాలువ కనిపిస్తూనే ఉంది. మెయిన్ రోడ్డు దగ్గర మాయమైంది. ఖాలా ధీమాగా చికెన్ షాపు వైపు తీసుకెళ్లింది. అటు నేల ఎత్తుగా ఉంది.

"నీళ్లు మిట్టకెక్కయి గదా ఖాలా" అన్నాను.

"అవ్, మర్సిపోయిన" అని నవ్వేసింది.

మళ్లీ మొదటికొచ్చి ఈసారి పల్లాన్నే పట్టుకున్నాం. మా గల్లీ చివర ఖాళీ ప్లాటులో, తడి ఉన్నచోటే మొలిచే తుంగ ఒక వరుసలో పెరిగింది. ఆ వరుస నేరుగా ఫంక్షన్ హాలు గోడకు తగిలింది. లోపలికి వెళ్తే ఓనరు అడ్డమొచ్చాడు.

"కాలువా? నేను కొన్నప్పుడు చదును భూమే అక్కా."

"అన్నా, వానొస్తే నీ పార్కింగుల నీళ్లు ఏడ నిలుస్తయ్?" అని అడిగాను.

అతను పార్కింగు వైపు తిరిగాడు. "పోయిన వానకు పెండ్లి కార్లు మునిగినయ్. గీ మూలకే" అంటూ తీసుకెళ్లి, తనే గడ్డపార అందుకున్నాడు. మట్టి తీస్తూ పోతే చెక్కిన రాయి తగిలింది. ఇంకాస్త తవ్వితే కమాను కట్టిన పాత మోరి నోరు బయటపడింది. ఖాలా నేల మీద కూర్చుని అందులోకి చెయ్యి పెట్టింది. "ఇదే! ఇదే!" అని ఆమె అరిచిన అరుపుకు టీ కొట్టులో ఉన్నవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు.

ఆ తర్వాత గల్లీ గల్లీ అంతా కదిలింది. అందరం మున్సిపాలిటీకి వెళ్లి కూర్చున్నాం. జేసీబీ వచ్చేదాకా లేవలేదు. పూడిక తీశారు, గల్లీ కింద తూములేశారు, ఖాళీ ప్లాటు అంచున కాలువ తవ్వారు.

తర్వాతి పెద్ద వానకు ఎవరమూ లోపల ఉండలేకపోయాం. నీళ్లు ఎప్పటిలాగే ఉరుకుతూ వచ్చాయి. మా గడప దాకా వస్తాయనుకున్నాను. గల్లీ చివర ఒక్క సుడి తిరిగి, కొత్త కాలువలోకి మళ్లి, మోరిలోకి దూకాయి. ఎవరో ఈల వేశారు. ఖాలా కుచ్చిళ్లు ఎగదోపి నీళ్ల వెంట నడక మొదలుపెట్టింది. ఆమె వెనుక నేను, నా వెనుక సగం గల్లీ. ఫంక్షన్ హాలు దాటి, టౌను చివర ఇంకా మిగిలి ఉన్న పొలాల దాకా తడుస్తూ పోయాం. అక్కడ ఒక రైతు పార పట్టుకుని తన మడిలోకి వస్తున్న నీళ్లను వింతగా చూస్తున్నాడు.

"ఏడికెల్లొస్తున్నయమ్మా గీ నీళ్లు?"

"మా గల్లీకెల్లి!" అన్నాం అందరం ఒక్క గొంతుతో.