రష్యాకి పోవాల్సిన ముగింపు

థీరాకి ముప్పై మూడేళ్ళు. కోపెన్‌హాగెన్‌లో వాల్బీ వైపున్న సినిమా స్టూడియోలో ఆరేళ్ళుగా ఫిల్ము ముక్కలు అతికిస్తోంది. అంతకుముందు చేతి తొడుగులు కుట్టేది. ఆ వేళ్ళు చూసే పనిలో పెట్టుకున్నారు. కింద దీపం వెలిగే గాజు బల్ల ముందు కూర్చుని ఫిల్ము అంచు బ్లేడుతో గీకి, జిగురు రాసి, రెండో ముక్క దానిమీద నొక్కిపెట్టి పది లెక్కపెట్టేది. పది అయ్యాక వేలు తీస్తే ఇక అది ఊడదు.

ప్రేమలు, అనుమానాలు, విషం సీసాలు అన్నీ ఆమె చేతుల మీదుగానే ఊళ్ళకి పోయేవి. ఏ కథకీ ఆమె ఏడవలేదు. గోరంత బొమ్మల్లో కన్నీళ్ళు కనిపించవు.

1913 మార్చిలో తీసిన సినిమాలో ఒక అనుమానపు మొగుడు, అందమైన పెళ్ళాం, ఒక లెఫ్టినెంటు. ఎప్పటిలాగే ముగింపులు రెండు తీశారు. ఇక్కడివాళ్ళకి మొగుడు ఆమెని క్షమించి దగ్గరికి తీసుకుంటాడు. రష్యావాళ్ళకి ఆమె చెరువులో దూకి చచ్చిపోతుంది.

"ఎవరో ఒకరు చావందే రష్యావాళ్ళు కుర్చీల్లోంచి లేవరట," అంది పక్క బల్ల దగ్గర ఫ్రూ క్రోగ్. ఆవిడకి అరవై దాటాయి. "మా ఆయన పోయినప్పుడు నాకూ అలాగే హాయిగా ఉండింది పిల్లా. ముగింపంటే అదీ!"

మార్చి నెల గడ్డకట్టే నీళ్ళలో దిగనని హీరోయిను మొండికేస్తే, ఆవిడ బట్టలు కుట్టే ఆగ్నెటెకి అదే గౌను తొడిగి దింపారు. శవాన్ని ఒడ్డుకి మోసుకొచ్చే పడవవాడి వేషం థీరా మొగుడు హోల్గర్‌కి దొరికింది. అతను స్టూడియోలో గోడలూ తలుపులూ తయారుచేసే వడ్రంగి. గడ్డం ఉందని పిలిచారు. ఆ రోజు ఇంటికొచ్చి, "చలి ఎముకలు కొరికేసింది. పైగా నువ్వు అల్లిన చారల మఫ్లరు ట్రాములో పోగొట్టుకున్నాను," అన్నాడు.

"పోతే పోయిందిలే. ఇంకోటి అల్లుతాను," అంది థీరా. వెంటనే మొదలుపెట్టింది కూడా.

రష్యా ముగింపు ఒక బుధవారం ఆమె బల్లమీదకి వచ్చింది. శవాన్ని ఇసుకమీద పడుకోబెట్టిన చోట కత్తిరించాలి. కెమెరా ఆపడం ఆలస్యమై ఆ తర్వాత కొంత తోక మిగిలింది. తోకల్ని ఎవరూ చూడరు, బుట్టలో పడేస్తారు. తన మొగుడి బొమ్మ కదా అని థీరా భూతద్దం పెట్టి చూసింది.

శవం కళ్ళు తెరిచి నవ్వింది. హోల్గర్ కోటు లోపలినుంచి చారల మఫ్లరు తీసి ఆగ్నెటె తడి మెడకి రెండు చుట్లు చుట్టాడు. కొసని వేళ్ళతో లోపలికి దోపాడు. పెళ్ళైన కొత్తలో థీరాకి అలాగే దోపేవాడు.

వణికే మనిషికి మఫ్లరు చుట్టడంలో తప్పేముంది? ఆ మాటే ఇంటికొచ్చి చెబితే సరిపోయేది. ట్రామని ఎందుకన్నాడు?

ఆ రోజునుంచి ఆమెకి తిండి సయించలేదు. అడుగుదామని నోరు తెరిచి, "సూపులో ఉప్పు చాలిందా?" అనేది. "చాలింది," అనేవాడు. కాదంటాడేమోనని భయం. అవునంటాడేమోనని అంతకన్నా భయం. రెండో మఫ్లరు మాత్రం పూర్తయింది. అతను మారుమాట్లాడకుండా చుట్టుకున్నాడు.

ఊళ్ళో మొదటి ఆటకి పోయే ప్రింటు ఆమె చేతికే వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆటకి పనివాళ్ళకి పాసులిస్తారు. థీరా క్షమించే ముగింపు పక్కన పెట్టి, చావునీ దాని తోకనీ కలిపి అతికించింది. పది లెక్కపెట్టింది. ఉద్యోగం పోతుందని తెలుసు. హోల్గర్‌ని పక్కన కూర్చోబెట్టి చూపిస్తే అతని మొహమే చెబుతుంది. సిగ్గుపడితే చాలు, సిగ్గుపడ్డ మనిషి తనవాడే అవుతాడు.

"ఈ కౌగిలింత ముక్క ఇక్కడే ఉండిపోయిందేమిటే?" అంది ఫ్రూ క్రోగ్.

"అది రష్యాకి."

"రష్యాకా? వాళ్ళేం పాపం చేశారే!" అని నవ్వబోయి, థీరా మొహం చూసి ఆవిడ తన బ్లేడు తీసుకుంది.

ఆదివారం హాలు నిండిపోయింది. తెరమీద ఆ పెళ్ళాం చెరువులో దూకగానే ఆడవాళ్ళు "అయ్యో" అన్నారు. పియానో నెమ్మదించింది. పడవవాడు శవాన్ని ఇసుకమీద పడుకోబెట్టాడు. శవం కళ్ళు తెరిచి నవ్వింది. హాలు గొల్లుమంది. పియానో ఆగిపోయింది. ముందు బెంచీలోంచి ఎవడో, "చచ్చినా సరసం మానలేదురోయ్!" అని అరిచాడు.

థీరా తెర వైపు చూడలేదు. తెర వెలుగు పడుతున్న హోల్గర్ మొహాన్నే చూస్తోంది. అతను సిగ్గుపడలేదు. నవ్వుతున్నాడు. జనం నవ్వే నవ్వు కాదది. ఎక్కడ ఉన్నాడో మరచిపోయిన మనిషి నవ్వు. ఇంట్లో ఆ నవ్వు ఆమె ఎన్నేళ్ళుగానో చూడలేదు. తెరమీద మఫ్లరు బయటికి వచ్చాక ఆ నవ్వు ఆరిపోయింది. అతని చెయ్యి మెడలోని కొత్త మఫ్లరు మీదకి పోయింది.

బయట ట్రాము స్టాపులో నిలబడ్డారు.

"నువ్వేనా అతికించింది?"

"ఊఁ."

"అడగొచ్చుగా, థీరా."

"చెప్పొచ్చుగా."

ట్రాము వచ్చింది. థీరా ఎక్కి, బెంచీమీద కిటికీ వైపుకి జరిగి అతనికి చోటు ఉంచింది. ఆ ఖాళీ మీద వేలు ఆనించి పది లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆరు దగ్గర, చోటు ఇంకా ఖాళీగా ఉండగానే, ట్రాము కదిలింది.