మూగ సినిమాకు అమ్మ మాటలు

మా చిన్నప్పుడు... దుబాయ్‌లోని సత్వాలో ఒక పాత విల్లాలో మూడు కుటుంబాలం ఉండేవాళ్ళం. గదికో కుటుంబం, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు, ఒకటే హాలు. పెషావర్ నుంచి వచ్చిన టాక్సీ డ్రైవర్ ఖాన్ చాచా వాళ్ళది ఒక గది, కేరళ ఆంటీ వాళ్ళది ఒకటి, కడప పక్క పల్లె నుంచి వచ్చిన మాది ఇంకొకటి.

ఊళ్ళో అమ్మది పెద్ద నోరు. పాడి పనంతా తనదే... ఎనుములను అదిలిస్తే అవతలి వీధికి వినపడేది. అలాంటి మనిషి దుబాయ్ వచ్చాక మూగదైపోయింది. హిందీ రాదు, మలయాళం రాదు. వంటింట్లో ఆడవాళ్ళు నవ్వుకుంటుంటే తననే అనుకుంటున్నారని అనుమానం. కూర దించుకుని గబగబా గదిలోకి వచ్చేసేది.

ఒకరోజు నాయనతో అనేసింది. "ఈ వీసా అయిపోతానే నన్నూ పాపనూ ఊరికి పంపిచ్చెయ్ అబ్బా. ఈడ నాకు ఊపిరాడ్డంల్యా."

నాయన సరేనన్నాడు. నాకు మాత్రం పోవాలని లేదు. అంతకుముందు నాయన నాకు సెలవుల్లో వచ్చే చుట్టమే మరి... దొరక్క దొరికిన నాయనను వదిలి పోవాలంటే ఏడుపొచ్చేది.

ఆ రోజుల్లోనే సీడీలు వచ్చి మా వీధిలో వీడియో క్యాసెట్ల షాపు మూతపడింది. షాపాయన "ఖలాస్, లే జావ్" అని మిగిలినవన్నీ ఖాన్ చాచా టాక్సీలో పడేశాడు. అందులో ఒకదానికి అట్టా లేదు, పేరూ లేదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు, భోజనాలు అయ్యాక హాల్లో అదే పెట్టారు.

నలుపు తెలుపు బొమ్మ... మాటల్లేవు. ఏదో తెల్లవాళ్ళ పల్లె. గడ్డి టోపీ పెట్టుకున్న ఒక బక్కాయన కొత్తగా పాలేరు పనికి కుదిరాడు. బాతులు తరుముతాయి, గడ్డివాము ఎక్కితే అది జారుతుంది, జేబుల్లో కోడిగుడ్లు పెట్టుకుని మరిచిపోయి కూర్చుంటాడు. ఎన్నిసార్లు పడ్డా టోపీ మాత్రం ఊడదు! ఒక్క మాట లేకుండా, ఉత్త కళ్ళతో, నడకతో అంతమందినీ నవ్వించాడే... ఆ పనితనానికి ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. బక్కాయన బకెట్టు తీసుకుని నేరుగా ఆవు పక్కన కూర్చున్నాడు. అంతే...

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! దూడను ఇడ్సకుండా కూచ్చుంటే ఆవు చేపుతాదారా? తంతాది సూడు!" అని అరిచింది.

అనడమూ ఆవు తన్నడమూ ఒకేసారి. బకెట్టు ఎగిరి ఆయన నెత్తిన బోర్లింది.

హాలంతా అమ్మ వైపు తిరిగింది. అమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది... కానీ నోరు తెరిచాక ఆగుతుందా! నన్ను పట్టి దూడను చేసింది. నా మెడ ముందుకు వంచి, దూడ ముందు నాలుగు గుక్కలు తాగాలని, అప్పుడే పొదుగులోకి పాలు దిగుతాయని చేతులతో చూపించింది.

ఖాన్ చాచా తొడ చరుచుకుని, "సహీ బోలీ బహన్! పహ్లే బఛ్డా! హమారే గావ్ మే భీ ఐసే హీ!" అన్నాడు. ముందు దూడేనట, వాళ్ళ ఊళ్ళోనూ అంతేనట. కేరళ ఆంటీ అయితే చిన్నప్పుడు వాళ్ళ ఆవు తన్నిన మచ్చ మోచేతి మీద చూపించింది. ఆ నవ్వులు తన మీద కావని, తనతో కలిసి నవ్వుతున్నారని అమ్మకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే క్యాసెట్. అమ్మకు ముందు వరసలో చాప. బక్కాయనకీ, ఆవుకీ, బాతులకీ అందరికీ కడప మాటే... అర్థం కాకపోయినా అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. మెల్లగా వంటింట్లో కూడా మాట కలిసింది, సగం హిందీ, సగం చేతులు.

వీసా గడువు దగ్గర పడ్డాక నాయన అడిగాడు, "టికెట్లు తీయమంటావా?"

అమ్మ చింతపండు పిసుకుతూ తల ఎత్తకుండానే, "నేను పోతే ఆ బక్కోనికి మాటలు ఎవురు చెప్తారబ్బా?" అంది. నాయన మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ విల్లా ఇప్పుడు లేదు. ఖాన్ చాచా వాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. మా షార్జా ఫ్లాటులో ఇప్పుడు మనిషికో తెర... ఎవరి నవ్వు వాళ్ళ చెవుల్లోనే.

మొన్న ఫోనులో అలాంటి పాత పల్లెటూరి కామెడీ ఒకటి కనిపిస్తే పెట్టాను. మా పాప చూసి, "అమ్మా, సౌండు రావట్లేదు" అంది.

పక్క గదిలోంచి మా అమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చింది.

"నేనుండా గదా... కొంచెం జరుగు" అని మా మధ్యలో కూర్చుంది.

మీ ఇళ్ళల్లో కూడా ఇలా తెర మీది మనుషులతో మాట్లాడినవాళ్ళు ఉండే ఉంటారు... రాయండి, అమ్మకు చదివి వినిపిస్తాను.