నేను చంపిన యోసేపు

ఆ రోజుల్లో నాకు నిద్రను మించిన ఆస్తి లేదు. దాన్ని కాపాడుకోవడానికి ఒక ఉదయం ఏకంగా యోసేపునే చంపేశాను. బైబిలు చదివినవాళ్ళు ఉలిక్కిపడకండి, ఆయన క్షేమంగానే ఉన్నాడు, చెడింది నేను. పన్నెండేళ్ళయింది, ఇప్పటికైనా ఒప్పుకోవాలి.

సిద్దిపేటలో సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో పనికి కుదిరి, బీడీలు చుట్టే ఒక అవ్వ ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాను. మా ఊరి పాస్టరుగారు సాగనంపుతూ, "రోజూ పొద్దుగాల ఐదింటికి లేచి ఒక అధ్యాయం సదువు, దేవుడేం జెప్పిండో నోటుబుక్కుల రాస్కో. గట్టిగ సదువు, లేకుంటే కునుకొస్తది" అన్నారు. (ప్రసంగాల్లో నన్ను చిన్నప్పటి నుంచి చూసినవారు కదా!) ఆదికాండం మొదలుపెట్టాను. మొదటి వారం రోజుకు రెండు పేజీలు రాశాను. నోవహు ఓడ దిగేసరికి అర పేజీ అయింది. అబ్రాహాము నాటికి మిగిలింది ఒకే వాక్యం: "నేడు దేవుడు నాతో మాట్లాడెను." ముప్పై ఏడో అధ్యాయంలో, రంగుల అంగీ తొడుక్కున్న యోసేపును సొంత అన్నలే గుంటలో పడదోసే చోట, సరిగ్గా సగంలో, ఆవలించి పుస్తకం మూశాను. మర్నాటి నుంచి నూట పదిహేడో కీర్తన పట్టుకున్నాను. రెండే వచనాలు. పడుకొని చదవొచ్చు, కళ్ళు మూసుకొనీ చదవొచ్చు. నోటుబుక్కులో పాత వాక్యం కింద 'పైదే' అన్నట్టు రెండు చుక్కలు పెట్టి మళ్ళీ ముసుగు తన్నేవాణ్ణి. నెల రోజులు దేవుడు నాతో చుక్కల్లోనే మాట్లాడాడు.

నాకు తెలియనిదేమంటే, గోడకు అవతల ఆ వేళకే అవ్వ ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ అంతా వింటోంది. మల్లన్నకు మొక్కే మనిషి, చర్చి గడప తొక్కి ఎరగదు. అయినా కథ కథే కదా. ఒక పొద్దున నా రెండు వచనాలు గొణిగి దుప్పటి లాక్కుంటుండగా తలుపు తట్టింది.

"బిడ్డా, గా రంగుల అంగీ పిలగాన్ని గుంతల పడేసి నెల దాటింది. బయటికచ్చిండా, లేదా?"

"ఎవరవ్వా?"

"గదే, నువ్వు సదివితివి గదా! రోజు గోడకెల్లి ఇంటనే ఉన్న. నువ్వేమో గా సిన్న పాటనే పట్టుకుంటివి. ఎవ్వలన్న తాడేసిన్రా?"

నా కళ్ళు తెరుచుకోవడం లేదు. "సచ్చిపోయిండవ్వా" అని దుప్పటి కప్పుకున్నాను.

మధ్యాహ్నం తిండికి వస్తే చాటలో ఆకు ఎండిపోతోంది. అవ్వ గోడకు ఆనుకొని కళ్ళు తుడుచుకుంటోంది. పక్కింటామె ఆరా తీస్తోంది.

"చుట్టమా, అక్కా?"

"చుట్టం గాదు. పదిహేడేండ్ల పిలగాడు. అన్నలే గుంతల నూకిన్రట."

"అయ్యో! పోలీసోళ్ళచ్చిన్రా?"

"ఏమో. గా ముసలి తండ్రికి ఏమని జెప్పిన్రో."

నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. అవ్వకూ ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఎదురింట్లో, చిన్నవాడు వెనక సందులో ఉంటారు. మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆమె పొద్దున అడిగింది ఒక్క యోసేపు సంగతే కాదని అప్పుడు తట్టింది. గదిలోకి వెళ్ళి ఆగిన చోటు నుంచి చదివాను. అన్నలు ఆ అంగీని మేక నెత్తుటిలో ముంచి తండ్రి ముందు పెట్టారు. కొడుకు చచ్చిపోయాడని నమ్మించారు. చిన్నప్పటి నుంచి విన్న కథే. కాని ఈసారి ఆ అబద్ధం ఆడినవాళ్ళలో నేనూ ఉన్నాను. వాళ్ళకు కనీసం అసూయ అనే కారణముంది. నాకున్నది దుప్పటి.

బయటికి వచ్చి ఆమె ముందు కూర్చున్నాను. "అవ్వా, పిలగాడు బతికే ఉన్నడు."

"మల్ల పొద్దుగాల సచ్చిండంటివి?"

"నిద్రకు ఆగలేక అబద్ధం జెప్పిన. తప్పయింది."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నీ నిద్ర పాడుగాను! పొద్దటి సంది ఏడిపిస్తివి గదరా" అంటూ చాట ఒళ్ళోకి లాక్కుంది. "సదువు."

ఆ రోజు నోటుబుక్కులో చుక్కలు పెట్టలేదు. "నేడు నేను అబద్ధమాడితిని" అని రాశాను. మర్నాడు ఐదింటికి స్టూలు తెచ్చుకొని అరుగు మీద కూర్చున్నాను. (ముప్పై ఎనిమిదో అధ్యాయం మాత్రం అవ్వ ముందు చదవలేక దాటేశాను. చదివినవాళ్ళకు ఎందుకో తెలుసు.) అన్నలు అమ్మేసిన యోసేపు చెయ్యని నేరానికి జైలుపాలైన మర్నాడు పది నిమిషాలు ఆలస్యమైతే తలుపు బాదింది: "పిలగాడు జైల్ల ఉన్నడు, నువ్వు పండుకున్నవా?" ఇంకెప్పుడూ ఆలస్యం చేయలేదు.

ఏడో రోజున యోసేపు ఆ అన్నలనే క్షమించి కౌగిలించుకొని ఏడ్చే చోటు వచ్చింది. ఎదురుగా పెద్దకొడుకు నల్లా దగ్గర పళ్ళు తోముకుంటున్నాడు. అవ్వ చాటలోంచి తల ఎత్తకుండానే, "గట్టిగ సదువు బిడ్డా" అంది.

"ఇనవడ్తలేదా అవ్వా?"

"నాకినవడ్తుంది. గాడికి ఇనవడాలె."

మూడుసార్లు చదివించింది. మూడోసారికి అతని నోట్లో బ్రష్షు ఆగిపోయింది. (ఆ రోజే అన్నదమ్ములు కౌగిలించుకున్నారని రాస్తే బాగుంటుంది గాని, నా వాటా అబద్ధం ఇదివరకే ఆడేశాను.) మర్నాడు నేను అరుగు మీదికి వచ్చేసరికి అతను చాయ గ్లాసు పట్టుకొని తన గడప మీద కూర్చొని ఉన్నాడు. ఇక మిగిలింది చిన్నవాడు. ఆ రోజు నుంచి వెనక సందుకు కూడా సరిపడేలా గొంతు పెంచాను. అక్కడున్న రెండేళ్ళూ తగ్గించలేదు.

ఇప్పటికీ తగ్గలేదు. "ఇంట్ల ఉన్నది ఇద్దరం. గింత గట్టిగ ఎవ్వలకు?" అని తెల్లవారుజామున నా భార్య విసుక్కుంటుంది. "వెనక సందు జర దూరం" అంటాను.